ఊరి పెట్టె: మన ఊరి చరిత్రను మనమే దాచుకోవడం ఎలా

మా ఇంట్లో ఒక గ్రూప్ ఫోటో ఉంది. బడి ముందు వేపచెట్టు కింద తీసింది. ముందు వరసలో కుర్చీల మీద అయ్యవార్లు, వెనక రెండు వరసల్లో పిల్లలు, మొత్తం 23 మంది. అట్ట వెనక స్టూడియో ముద్ర సగం చెరిగిపోయింది, ‘కందుకూరు’ అన్న మాట మాత్రం కనపడుతుంది. మా నాయన ఆ ఫోటో బయటికి తీసినప్పుడల్లా ఒక్కో మొహం మీద వేలు పెట్టి చెప్పేవాడు. వీడు మిలిటరీలో చేరాడు, వీడు మాతో పాటు చెరువులో ఈతకొట్టి అయ్యవారి చేత దెబ్బలు తిన్నాడు, ఈ పిల్లను మధ్యలోనే బడి మాన్పించారు. నేను ఊఁ కొట్టాను. రాసుకోలేదు. ఆయన పోయిన తర్వాత ఒకరోజు ఫోటో ముందు పెట్టుకుని కూర్చుంటే, పేరు పెట్టి చెప్పగలిగిన మొహాలు నాలుగే తేలాయి.

ఫోటోకి చెద పట్టలేదు, నీళ్ళు తగల్లేదు. దాని గురించి చెప్పే మనిషి పోయాడు, అంతే. ఊరి చరిత్ర దాచాలనగానే చాలామంది ముందు శాసనాల వైపు, పాత గుళ్ళ వైపు వెళ్తారు. ఆ రాయి ఇంకో నూరేళ్ళయినా ఉంటుంది. ఎనభై దాటిన అవ్వ వచ్చే సంక్రాంతికి మాట్లాడే ఓపికతో ఉంటుందో లేదో చెప్పలేం. నెల్లూరు దగ్గర పల్లిపాడు ఆశ్రమాన్ని గాంధీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారని పుస్తకాల్లో ఉంది. ఆ రోజు మీ ఊరి నుంచి బండి కట్టుకుని ఎవరు వెళ్ళారో ఏ పుస్తకంలోనూ ఉండదు. అది చెప్పగలిగినవాళ్ళు ఎప్పుడో పోయారు. వాళ్ళ నోట విన్నవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. అందుకే ఈ పని మనుషులతో మొదలుపెట్టండి. కాగితాలు తర్వాత, రాళ్ళు ఆఖరున.

మా ఊళ్ళో నలుగురం కలిసి మొదలుపెట్టినప్పుడు దీనికి పెద్ద పేరేమీ పెట్టలేదు. ఒక ట్రంకుపెట్టె, ఒక పొడుగు నోటుపుస్తకం, రెండు హార్డ్‌డిస్కులు. ‘ఊరి పెట్టె’ అంటాం. మీకు కావలసిందీ అంతే.

ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ఒక కాగితం తీసుకుని ఊళ్ళో 75 దాటినవాళ్ళ పేర్లన్నీ రాయండి. మీకు తెలిసినవాళ్ళతో ఆగిపోకండి. ఆశా కార్యకర్తను అడగండి, పెన్షన్లు పంచేవాళ్ళను అడగండి. మంచం పట్టినవాళ్ళు ఎవరు, చెవులు వినపడనివాళ్ళు ఎవరు, ఉదయం పూటే మతి సరిగ్గా ఉండేవాళ్ళు ఎవరు అన్నది వాళ్ళకు బాగా తెలుసు. ఆరోగ్యం బాగాలేనివాళ్ళ పేర్లు పైన పెట్టుకోండి. ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, మేమూ చేశాం. మొదటి నాలుగు నెలలు సర్పంచులుగా చేసినవాళ్ళు, రిటైరయిన అయ్యవార్లు, పాత కరణాల ఇళ్ళవాళ్ళు, వీళ్ళ చుట్టూనే తిరిగాం. అంతా చక్కగా మాట్లాడారు. కానీ విన్నదంతా ఒకే వీధి కథ. తర్వాత లిస్టు ముందు పెట్టుకుని చూస్తే ఎస్సీ కాలనీ నుంచి ఒక్కరు లేరు, యానాది గిరిజనులు ఉండే సంఘం నుంచి ఒక్కరు లేరు, ఆడవాళ్ళు ఇద్దరే. ఇప్పుడు ఒక రూలు పెట్టుకున్నాం. ఒక వీధిలో ఇద్దరితో మాట్లాడాక మూడో మనిషి వేరే వాడలో ఉండాలి.

దీనివల్ల కథే మారిపోతుంది. పొగాకు గురించి, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ యజమానిని అడిగితే ఏ ఏడు ఎంత ధర పలికిందో చెప్తాడు. రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చుని మంట కాచినవాడిని అడిగితే నిద్ర ఆపుకోడానికి ఏం చేసేవాళ్ళో చెప్తాడు. గూడూరు, సైదాపురం వైపు వాళ్ళయితే అభ్రకం గనుల్లోకి దిగినవాళ్ళనీ, కూర్చుని అభ్రకం పొరలు విడదీసిన ఆడవాళ్ళనీ ఇద్దరినీ అడగాలి. సూళ్ళూరుపేట వైపు అయితే, 1971 అక్టోబర్ 9న శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎగిరిందని స్కూలు పిల్లలు కూడా చెప్తారు. ఆ దీవిలో అడవిని నమ్ముకుని బతికిన యానాది కుటుంబాలు ఎక్కడికి వెళ్ళాయి, ఏం వదిలి వెళ్ళాయి అన్నది వాళ్ళ పెద్దలే చెప్పాలి.

సారా ఉద్యమం సంగతీ అంతే. 1992లో దూబగుంటలో మొదలై నెల్లూరు జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. దాన్ని ముందుండి నడిపిన రోశమ్మ పేరు అందరికీ తెలుసు. మీ ఊళ్ళో సారాకొట్టు ఏ అరుగు మీద ఉండేది? దాని ముందు మొదట కూర్చున్న నలుగురు ఆడవాళ్ళు ఎవరు? అక్షరదీపం రాత్రిబడి ఎవరింట్లో నడిచేది? ఆనాడు ముప్పై ఏళ్ళున్న మనిషికి ఇప్పుడు అరవై దాటాయి. వీళ్ళ లిస్టు విడిగా రాసుకోండి.

కూర్చోబెట్టి మాట్లాడించడం

మొదటిసారి వెళ్ళినప్పుడు ఫోన్ బయటికి తీయకండి. ఎందుకొచ్చారో చెప్పండి, మీరు ఎవరి మనవడో ఎవరి మనవరాలో చెప్పండి, కాఫీ ఇస్తే తాగి రండి. రెండోసారి వెళ్ళినప్పుడు వాళ్ళే ‘ఏదో రాసుకుంటానన్నావే’ అని ఎత్తుకుంటారు.

రికార్డింగ్‌కి మంచి మైకులు అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. కానీ కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సరిగ్గా మంచి చోట ఎవరో ఫోన్ చేస్తారు. ఫ్యాన్ ఆపండి. మనకు వినపడదు గానీ రికార్డింగ్‌లో ఫ్యాన్ రొద మాటను మింగేస్తుంది. ఎండాకాలం అయితే చెట్టుకింద కూర్చోండి. మడిచిన తువ్వాలు మీద, మాట్లాడే మనిషికి మూరెడు దూరంలో ఫోన్ పెట్టండి. రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో ‘వేవ్’ ఫార్మాట్ ఉంటే అది పెట్టుకోండి. మోనోలో గంటకు సుమారు 300 ఎంబీ అవుతుంది, ఫర్వాలేదు. బటన్ నొక్కగానే మీ గొంతుతో తేదీ, ఊరు, మాట్లాడేవాళ్ళ పేరు, ఇంటిపేరు, వయసు చెప్పండి. పదేళ్ళ తర్వాత ఫైలు పేరు మారిపోయినా, ఆ గొంతు ఎవరిదో ఫైలే చెప్తుంది.

ఇక ప్రశ్నలు. ‘ఆ రోజుల్లో ఎలా ఉండేదవ్వా?’ అని అడిగితే ‘బాగుండేది నాయనా’ అంటారు. అంతటితో అయిపోతుంది. వస్తువును పట్టుకుని అడగండి. గాదె ఏ గదిలో ఉండేది? నీళ్ళు ఏ బావి నుంచి తెచ్చేవాళ్ళు, ఆ బావి దగ్గరికి ఎవరిని రానిచ్చేవాళ్ళు కాదు? పెళ్ళికి ఏం పెట్టారు? మొదటిసారి బస్సు ఎక్కి ఎక్కడికి వెళ్ళారు?

ఒకసారి పొగాకు పని గురించి అడుగుదామని ఒక అవ్వ దగ్గరికి వెళ్ళాను. నలభై ఏళ్ళు ఆ పనే చేసింది. ఎంత అడిగినా ‘ఏముండాది అబ్బయ్యా, పోయినాం, చేసినాం, వచ్చినాం’ అంటుంది. లేచి వచ్చేద్దామనుకున్నాను. పక్కింటి చావిట్లో పాత బ్యారన్ కర్ర ఒకటి గోడకి ఆనించి కనపడింది. దాన్నీ, కాస్త పురికొసనీ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆకు లేదు, పెరట్లోంచి బాదం ఆకులు కోసుకొచ్చాం. ఆమె కర్రను మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని, రెండాకులు ఈ పక్క, రెండాకులు ఆ పక్క, కొసను వేలితో మెలిపెట్టి బిగిస్తూ పోయింది. కళ్ళు చేతుల మీద లేవు, వీధిలోకి చూస్తున్నాయి. అప్పుడు మాట వచ్చింది. జట్టులో ఎంతమందో, మేస్త్రీ ఎవరో, రోజుకి ఎన్ని కర్రలు కడితే ఎంత ఇచ్చేవాళ్ళో, పొగాకు జిగురు చేతులకు పట్టి అన్నం చేదుగా ఎలా ఉండేదో, చంటిబిడ్డను చీర ఉయ్యాల్లో వేసి కాలితో ఊపుతూ చేతులతో ఆకు ఎలా కట్టేదో. గంటన్నర మాట్లాడింది. ఆ రోజు నేను చేసిన మంచిపని, రెండో ఫోన్‌తో చేతుల వీడియో తీయించడం. ఆ ముడి ఎలా వేస్తారో మాటల్లో చెప్పలేం.

అందుకని వెళ్ళేటప్పుడు చేతికి అందేది ఏదైనా తీసుకెళ్ళండి. నేతవాళ్ళ దగ్గరికి పాత నాడె, మార్కాపురం పలకల పని చేసినవాళ్ళ దగ్గరికి ఒక రాతిపలక, సముద్రం పక్క పాలేల్లో చిరిగిన వల ముక్క. ఏదీ దొరక్కపోతే పాత ఫోటో చాలు.

మధ్యలో వాళ్ళు ఆగితే మీరు నింపకండి. పక్కన కూర్చున్న కొడుకో మనవడో ‘అట్టా కాదులే, ఇట్టా’ అని సరిదిద్దుతుంటే, వాళ్ళ మాట కూడా వేరే రోజు రికార్డు చేస్తానని చెప్పి నెమ్మదిగా పక్కకు పంపండి. గంటకు మించి కూర్చోబెట్టకండి.

రాసేటప్పుడు వాళ్ళ మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దకండి. ‘ఉండాది’ని ‘ఉన్నది’ చేయకండి. కొన్ని మాటలు మన వైపు ఎక్కువగా వినపడతాయి. సముద్రం పక్క ఇసక నేలల్లో తవ్వే దొరువు, నెల్లూరు వైపు ఇప్పటికీ వడ్లు కొలిచే పుట్టి, ఇంటి స్థలానికి అంకణం. మొలగొలుకుల బియ్యం తిన్న తరం ఆ వడ్ల పేర్లు ఇంకెన్ని చెప్తుందో అడిగి చూడండి. వినపడిన కొత్త మాటను నోటుపుస్తకం చివరి పేజీల్లో అర్థంతో సహా రాసుకుంటూ పోండి. ఏడాదికి అదే ఒక చిన్న నిఘంటువు అవుతుంది.

సంవత్సరం ఎలా తేల్చాలి

పెద్దవాళ్ళను ‘ఏ సంవత్సరం?’ అని నిలదీస్తే టెన్షన్ పడి ఏదో ఒక అంకె చెప్తారు. దానికన్నా గాలివానలను అడగండి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో జ్ఞాపకాలు తుఫాన్ల చుట్టూ తిరుగుతాయి. పెద్దబ్బాయి పుట్టింది గాలివానకు ముందా వెనకా అంటే ఠక్కున చెప్తారు. 1979 మే నెల తుఫాను, 1984 నవంబర్‌లో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను, 2021 నవంబర్‌లో పెన్నా వరద, ఇవి మంచి గుర్తులు. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే, అణాలు పోయి నయా పైసలు వచ్చింది 1957లో. కరణం, మునసబు ఉద్యోగాలు తీసేసింది 1984లో. మీ ఊరికి కరెంటు వచ్చిన ఏడు, రోడ్డు పడిన ఏడు ముందే తెలుసుకుని పెట్టుకోండి.

కొందరు తెలుగు సంవత్సరం పేరే చెప్తారు. అది బంగారం లాంటి ఆధారం, కానీ లెక్క జాగ్రత్తగా వేయాలి. సిద్ధార్థి వైశాఖంలో గాలివాన అంటే 1979 మే. రక్తాక్షి కార్తీకం అంటే 1984 నవంబర్. తెలుగు సంవత్సరం ఉగాది నుంచి ఉగాదికి కాబట్టి, రక్తాక్షి మాఘమాసం అంటే 1985లోకి వస్తుంది. పైగా ఆ పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది. తాతల నాటి ముచ్చట అయితే రక్తాక్షి 1924 కూడా కావచ్చు. ధాత కరువు అని విన్నారంటే అది 1876లో మొదలైన పెద్ద కరువు. 1936లో వచ్చిన ధాతకు దాన్ని అంటగట్టకండి. చెప్పే మనిషి వయసు, వాళ్ళ నాయన వయసు పక్కన రాసుకుంటే ఈ చిక్కు విడిపోతుంది.

తేలకపోతే ‘1979 గాలివాన తర్వాత, 1984కి ముందు’ అని రాయండి. తప్పు తేదీ కన్నా అది ఎంతో మేలు.

కాగితాలు, ఫోటోలు

‘పాత రికార్డులు ఉన్నాయా?’ అని అడిగితే లేవంటారు. ‘పాత పెళ్ళిపత్రికలు ఉన్నాయా?’ అని అడగండి. ప్రతి ఇంట్లో ఉంటాయి. ఒక్క శుభలేఖలో ఎంత సమాచారం ఉంటుందో చూడండి: ఇంటిపేర్లు, రెండు ఊళ్ళు, తెలుగు సంవత్సరంతో సహా తేదీ, ఏ ప్రెస్సులో అచ్చయిందో, మేళం ఎవరిదో. అలాగే పద్యనాటకాల కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, పొగాకు అమ్మిన చీటీలు, కొట్టు పద్దుపుస్తకాలు, సొసైటీ రసీదులు, బొంబాయి నుంచో మిలిటరీ నుంచో వచ్చిన ఇన్‌లాండ్ లెటర్లు. బళ్ళో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. హెడ్మాస్టరు ఒప్పుకుంటే అక్కడే కూర్చుని చూడండి, బయటికి తేకండి.

అసలు కాగితం మీరు ఉంచుకోవద్దు. ఇది మా పెట్టెకు మొదటి నియమం. వాళ్ళింటి అరుగు మీదే ఫోటో తీసుకుని, వాళ్ళ చేతిలో పెట్టి రండి. ఒక ఇంట్లో దస్తావేజు కనపడకపోతే నింద మీ మీదకు వస్తుంది, ఊళ్ళో ఆ తర్వాత ఏ తలుపూ తెరుచుకోదు. ఇచ్చేస్తామని వాళ్ళే పట్టుబడితే, రసీదు రాసి ఇద్దరు సంతకం పెట్టండి.

ఫోన్‌తో తీసేటప్పుడు నీడగా, వెలుతురు బాగా ఉండే వసారాలో తెల్ల దుప్పటి పరిచి దాని మీద పెట్టండి. ఫ్లాష్ వద్దు. ఫోన్ కాగితానికి సమాంతరంగా ఉండాలి, పక్కన ఒక స్కేలు పెడితే అసలు సైజు తెలుస్తుంది. వెనక వైపు ఖాళీగా ఉన్నా అది కూడా తీయండి. మంచి ఫోటోలను మాత్రం స్కానర్ మీద 600 డీపీఐలో చేయించాలి. కాగితాలకు 300 చాలు. జిరాక్సు షాపుల్లో మామూలుగా ఇంతకంటే తక్కువలో చేసిస్తారు, ముందే చెప్పండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత సగానికి సగం పోతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

ల్యామినేషన్ చేయించకండి. సెల్లో టేపు అంటించకండి, నాలుగేళ్ళకు పచ్చబడి అక్షరాలను తినేస్తుంది. ఫోటో వెనక బాల్ పెన్నుతో రాస్తే ముందుకు నొక్కు పడుతుంది. మెత్తని పెన్సిలుతో, అంచు దగ్గర, వత్తకుండా రాయండి. వరదలో తడిసిన ఆల్బమ్ చేతికొస్తే ఎండలో పెట్టకండి. అతుక్కున్న ఫోటోలను పొడిగా ఉన్నప్పుడు లాగితే పై పొర ఊడిపోతుంది. బురద ఉంటే మంచినీళ్ళలో మెల్లగా ముంచి తీసి, నీడలో గుడ్డ మీద బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టండి. తాళపత్రాలు దొరికితే మాత్రం మీరు నూనె పూయడం, కట్టు విప్పి లాగడం చేయొద్దు. ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి తెలిసినవాళ్ళకు చూపించండి.

ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఇచ్చి, పొడుగు నోటుపుస్తకంలో రాయండి: నంబరు, ఏమిటిది, ఎవరింటిది, ఎప్పుడు తీసుకున్నాం, అందులో ఎవరెవరున్నారు, ఈ సంగతి ఎవరు చెప్పారు, పదిమందికి చూపించవచ్చా లేదా. ఫైలు పేరు కూడా అదే నంబరుతో మొదలవ్వాలి. విసుగు పుట్టించే పని ఇదే. కానీ నంబరు లేని మూడువేల ఫోటోల్లో మీకు కావలసింది ఎప్పటికీ దొరకదు. మా దగ్గర మొదటి ఏడాదివి ఇప్పటికీ అలాగే పడి ఉన్నాయి.

మీ ఊరు అప్పట్లో ఏ జిల్లా?

పాత పుస్తకాల్లో వెతకబోయే ముందు ఇది తేల్చుకోండి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా, గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వెళ్ళింది. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కాబట్టి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వాళ్ళు 1970కి ముందు సంగతులు నెల్లూరు రికార్డుల్లో వెతకాలి. మార్కాపురం, గిద్దలూరు వాళ్ళు కర్నూలులో వెతకాలి. 2022 ఏప్రిల్‌లో కందుకూరు మళ్ళీ నెల్లూరులో కలిసింది. మా ఊరివాళ్ళకు ఇల్లు కదలకుండానే ఇన్ని జిల్లాలు మారాయి.

బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ 1873లో వచ్చింది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను తాలూకాల వారీగా మూడు సంపుటాలుగా 1905లో అచ్చువేశారు. అందులో ఒంగోలు, దర్శి, పొదిలి తాలూకాలు కూడా ఉన్నాయి. ఇవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ ఊరి పేరు పాత ఇంగ్లీషు స్పెల్లింగులో రెండు మూడు రకాలుగా వెతకండి. అంతకుముందు బ్రిటిష్ సర్వేయర్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ళ మనుషులు సేకరించిన ఊరి కైఫీయతులు ఉన్నాయి. కరణాలు చెప్పింది రాసుకున్నవి, అంటే మనం ఇప్పుడు చేస్తున్న పనే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనానికి ఒక్కసారయినా వెళ్ళి రండి. 1918లో ఊరివాళ్ళు పెట్టుకున్న గ్రంథాలయం అది.

రాళ్ళ సంగతి క్లుప్తంగా చెప్తాను. శాసనం కనపడితే సున్నం పూయకండి, సుద్దతో అక్షరాలు దిద్దకండి, నూనె పోయకండి. ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీస్తే అక్షరాలు వాటంతటవే లేస్తాయి. పురావస్తు సర్వే వారి శాసన విభాగం మైసూరులో ఉంది, చదివించుకోవడానికి వాళ్ళకు రాయవచ్చు. పాత ఊరు ఉండిన పాటిదిబ్బ మీద కుండపెంకులు కనపడితే ఎక్కడివక్కడే ఉంచి ఫోటో తీయండి. రాగిరేకో, విగ్రహమో బయటపడితే ఇంట్లో పెట్టుకోకూడదు, రెవెన్యూ వాళ్ళకు చెప్పాలి. ఇలాంటి చోట్ల కచ్చితమైన లొకేషన్ మాత్రం ఇంటర్నెట్‌లో పెట్టకండి. గుప్తనిధుల కోసం గుళ్ళు తవ్వేవాళ్ళు కూడా అవి చూస్తుంటారు.

చూపించవచ్చా, లేదా

రికార్డింగ్ అయ్యాక మూడు ప్రశ్నలు అడిగి జవాబు కూడా రికార్డు చేయండి. ఇది ఊళ్ళో వినిపించవచ్చా? ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా? మీ పేరు చెప్పవచ్చా? సంతకం పెట్టలేనివాళ్ళకు గొంతే సంతకం. ఒక అమ్మ సారా రోజుల్లో తన భర్త కొట్టిన దెబ్బల గురించి చెప్పి, ‘ఇది మా పిల్లలు పోయిందాకా బైట పెట్టబాక’ అంది. అది పెట్టెలో ఉంది, నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో గుర్తు పెట్టాం, ఎవరికీ వినిపించం. పొలం తగాదాలు, కులం గొడవలు, ఎవరు ఎవరితో వెళ్ళిపోయారన్న కబుర్లు కూడా వస్తాయి. రికార్డు చేయడం మానకండి, తొందరపడి బయటపెట్టకండి.

అనుమతి ఉన్నవాటిని వికీమీడియా కామన్స్‌లోనూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ పెట్టవచ్చు. తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ ఉందేమో చూసి దానికి జోడించవచ్చు.

కాపీలు మూడు ఉండాలి. ఒక హార్డ్‌డిస్క్ ఊళ్ళో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న మన మనిషి దగ్గర, మూడోది క్లౌడ్‌లో. రెండు డిస్కులూ ఒకే బీరువాలో పెడితే ఒక్క వరద చాలు. డిస్కులు మూలన పడేసినా చెడిపోతాయి. మేం ప్రతి ఉగాదికీ రెండూ తెరిచి, నాలుగు ఫైళ్ళు ఆడించి చూస్తాం. అయిదారేళ్ళకు కొత్త డిస్కులోకి మారుస్తాం. ఫోన్ మార్చేటప్పుడు నా దగ్గర మూడు రికార్డింగులు పోయాయి. అందులో ఒకాయన ఇప్పుడు లేడు. ఆ రోజు నుంచి రికార్డింగ్ అయిన సాయంత్రమే కాపీ చేయకుండా పడుకోను.

సంక్రాంతికి తాడు కట్టండి

పండక్కి హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నుంచి అందరూ ఊరికి వస్తారు. భోగి మర్నాడు పొద్దున బళ్ళోనో రామాలయం ముందో ఒక తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఫోటోలు వేలాడదీయండి. అసలువి వద్దు, ఏ-త్రీ సైజు జిరాక్సులు చాలు. గ్రూప్ ఫోటో అయితే ప్రతి తల మీదా ఒక అంకె వేసి, కింద అంకెల వరసలో ఖాళీ గీతలు వదలండి. దారంతో పెన్సిలు కట్టండి. పక్కన స్టూలు వేసి ఒక పిల్లనో పిల్లాడినో కూర్చోబెట్టండి, చదువురానివాళ్ళు చెప్తుంటే రాయడానికి. ఎవరు చెప్పారో వాళ్ళ పేరు కూడా రాయాలి. ఒకే తలకు ఇద్దరు రెండు పేర్లు చెప్తే రెండూ ఉంచండి, మీరు తీర్పు చెప్పకండి. సాయంత్రం కాగితాలు విప్పగానే ఆ రాత్రే నోటుపుస్తకంలోకి ఎక్కించండి.

మా నాయన ఫోటోను మేం అలా వేలాడదీసింది రెండేళ్ళ కిందట. మొదటి రోజు మధ్యాహ్నానికి ఆరు గీతలు నిండాయి. కనుమ నాడు, చెన్నైలో కూతురి దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ మనవడి చెయ్యి పట్టుకుని వచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, 14వ అంకె ముందు చాలాసేపు నిలబడింది. వెనక వరస, చివర్నుంచి రెండో పిల్ల, రెండు జడలు. మా నాయన ‘బడి మాన్పించారు’ అని చెప్పిన పిల్ల ఆమే. స్టూలు మీద కూర్చున్న పిల్లాడు రాయబోతే పెన్సిలు తను తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు తనే రాసింది. తర్వాత వంగి చూసి, ‘పదకొండోది మా రాజ్యం’ అంది.